ఎదురు రాకూడని కారు

“కొత్తది వెయ్యాలాండీ, పాతది పీకేసి వదిలెయ్యాలా?”

కారు అద్దాల మీది నల్ల ఫిలిం చూపిస్తూ లాజరు మూడోసారి అడిగాడు. వెనక సీట్లో ఎడమపక్క కూర్చున్న సూర్యకళ మూడోసారి కూడా, “ముందు పాతది తియ్యి బాబూ, తర్వాత చెబుతాను,” అనే అంది. చెప్పడానికేముంది, చెప్పాల్సిందంతా ఇంటి దగ్గర మరిది కుక్కుటేశ్వరరావు చెప్పే పంపించాడు. బాగా నల్లదే వేయించండి వదినా, లోపల మీరే కూర్చుని చూసుకోండి, ఎంత కనపడితే మీకు చాలో మీకే కదా తెలిసేది, అన్నాడు. జాకెట్టు కొలత ఇచ్చి రమ్మన్నట్టు అన్నాడు. ఎల్లుండి గురువారం పొద్దున్న తొమ్మిది నలభై ఎనిమిదికి ఆమె ఒక్కగానొక్క కూతురు లక్ష్మీప్రసన్న పెళ్లి. వాళ్ల ఆనవాయితీ ప్రకారం పెళ్లి మగపెళ్లివారింటి దగ్గర, సామర్లకోట అవతల పల్లెలో. ఆ పెళ్లిని తల్లి ఈ కారులో కూర్చుని, ఈ అద్దంలోంచి చూడాలి. మొగుడు పోయిన మనిషి ముహూర్తం వేళకి పందిట్లో ఎదురుగా ఉండకూడదు కాబట్టి, కన్నతల్లి కూతురి పెళ్లి చూడకుండానూ ఉండకూడదు కాబట్టి, రెండూ కలిసొచ్చేటట్టు ఇంటిల్లిపాదీ కూర్చుని ఆలోచించి చేసిన ఏర్పాటు. ఎంత బుద్ధిమంతులో! ఒక్కరికైనా నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు.

లాజరు షాపంటే పెద్ద షాపేం కాదు. రాజమండ్రి తాడితోటలో బట్టల కొట్లు దాటాక ఒక రేకుల షెడ్డు, గోడకి ఆనించిన ఫిలిం చుట్టలు, బకెట్లో సబ్బునీళ్లు, ఒక పిచికారీ సీసా, నాలుగు బ్లేళ్లు. మూడేళ్ల కిందట ఈ అద్దాలకి ఫిలిం వేసిందీ ఇక్కడే. అప్పుడామె రాలేదు, మంచం దిగలేని రోజులవి. మే నెల ఎండ రేకుల మీద పడి ఆ వేడంతా కారులోకి దిగుతోంది. డ్రైవరు సత్తియ్య బయట బల్ల మీద కూర్చుని తువ్వాలుతో విసురుకుంటూ, దిగి కాసేపు నీడన కూర్చోండమ్మగారూ అని రెండుసార్లు అన్నాడు. ఆమె దిగలేదు. దిగడం అలవాటు తప్పింది. మూడేళ్లుగా ఈ కారు ఆమెని పెరటి గుమ్మంలో ఎక్కించుకుని పెరటి గుమ్మంలోనే దింపుతోంది. బ్యాంకుకి వెళ్తే మేనేజరు పక్క తలుపు తీయిస్తాడు, డాక్టరు దగ్గరకెళ్తే రోగులందరూ వెళ్లిపోయాక పిలుస్తారు. పాలకొల్లులో వాళ్ల కొబ్బరికాయల కొట్టు మీద ఉన్న గౌరవం అది, అని తోడికోడలు నాగరత్నం అంటుంది. నిజమే కాబోలు. ముందు సీటు పక్క అద్దం మీద లాజరు నీళ్లు కొట్టి, బ్లేడుతో మూల లేపి, ఫిలింని మెల్లగా లాగుతున్నాడు. జిగురు చర్రుమని చప్పుడు చేస్తూ వస్తోంది. ఆ చప్పుడికి ఆమె పళ్లు జివ్వుమన్నాయి.

మొదట్లో నిగనిగలాడిన నలుపు ఎండకి వంకాయ రంగుకి తిరిగింది, చెమట పొక్కుల్లాగ బుడగలు లేచాయి. ఆ బుడగల వల్లే కదా ఇవాళ ఇంతదూరం రావడం. మొన్న సాయంత్రం కుక్కుటేశ్వరరావు కారుని కొబ్బరికాయలు ఆరబోసే జాగాలో నిలబెట్టి, ఆమెని లోపల కూర్చోబెట్టి, ఎదురుగా పీట వేసి నాగరత్నాన్ని దాని మీద కూర్చోబెట్టి రిహార్సల్ చేయించాడు. కన్యాదానం చేసేది ఎలాగూ వాళ్లిద్దరే. “కనపడుతోందా వదినా?” అని అరిచాడు. నాగరత్నం ముఖం ఒక బుడగలో పొడుగ్గా సాగింది, ఇంకో బుడగలో ముక్కు రెండైంది. కనపడుతోందండీ అంది సూర్యకళ. తర్వాత వంటింట్లో తనే సిగ్గు విడిచి, అంత బాగా కనపడలేదు, పిల్ల ముఖం తెలుస్తుందో లేదో అంది. అడిగింది తనే! ఇంకాస్త బాగా కనపడే చీకటికొట్టు కావాలని తన నోటితో తనే అడిగింది, ఇంకెవర్నని ఏం లాభం. మరిది చాలా సంతోషించాడు. దానికేం భాగ్యం వదినా, ఇప్పుడు కొత్త రకాలొచ్చాయి, లోపల్నుంచి అద్దంలా కనపడుతుంది, బయట్నుంచి చీమ కూడా కనపడదు అన్నాడు. మంచివాడే. అన్న పోయాక కొట్టులో ఆమె వాటా రూపాయి తేడా లేకుండా తెచ్చి చేతిలో పెడతాడు, జ్వరం వస్తే రాత్రంతా కూర్చుంటాడు, కూతురి సంబంధానికి చెప్పులరిగేలా తిరిగాడు. చెడ్డవాడైతే ఎంత బావుండేది, కడుపారా తిట్టుకునేది.

భర్త ఉదయభాస్కర్ పోయింది కూడా ఎండల్లోనే. అంబాజీపేట కొబ్బరి మార్కెట్లో కాయల గుట్ట పక్కన నిలబడి బేరం ఆడుతూ ఆడుతూ, కాస్త సోడా తెప్పించండర్రా అని కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. నలభై ఆరేళ్లు. సోడా వచ్చేసరికి మనిషి లేడు. పదో రోజు గాజులూ బొట్టూ తీసేశాక ఆమెని పుట్టింటికి తీసుకెళ్లి నిద్ర చేయించాలి, ద్రాక్షారామం పక్కన ఊరు. అలాంటి మనిషిని తీసుకెళ్లేది చీకట్లోనే, ముత్తైదువులెవరూ లేచి కళ్లాపి చల్లకముందే తీసుకెళ్లి లోపలికి తోసెయ్యాలి, దారిలో ఎవరికీ ఎదురు రాకూడదు. ఆమెకి అప్పుడు నూట రెండు జ్వరం. కుక్కుటేశ్వరరావు ఒప్పుకోలేదు. ఈ రోజుల్లో కూడా ఏంటండీ ఈ చీకటి ప్రయాణాలు, వదిన చచ్చిపోతుంది అని పెద్దల మీద కేకలేశాడు. కేకలేసి, కారేసుకుని రాజమండ్రి వెళ్లి, సాయంత్రానికల్లా అద్దాలన్నిటికీ ఫిలిం వేయించుకొచ్చాడు. మర్నాడు పట్టపగలు పదకొండింటికి, ఏసీ వేసి, తలగడ పెట్టి, ఆమెని పుట్టింటికి తీసుకెళ్లారు. గౌతమి మీద వంతెన దాటుతుంటే నది ముసురు పట్టినట్టు కనబడింది. వర్షం వస్తుందా అని అడిగింది. లేదమ్మగారూ ఎండ మండిపోతోంది అన్నాడు సత్తియ్య. అప్పుడు పైట పిన్నీసు తీసి, ఫిలిం మీద మినపగింజంత గీకి, అందులోంచి ఎండని చూసుకుంది. ఆ సంగతి ఎవరికీ తెలియదు.

ఊళ్లో అందరూ మరిదిని మెచ్చుకున్నారు. ఔను మరి, ఎవరికి తట్టింది ఇంత తెలివి? చీకటి కోసం కాచుకోనక్కర్లేదు, చీకటిని కారుకే అంటించేసుకోవచ్చు. ఆ మెప్పుకోలు అక్కడితో ఆగితే బావుండేది. రెండు నెలలు తిరక్కుండానే వీధి చివర ఎరువుల కొట్టాయన పోతే, ఆయన భార్యని పుట్టింటికి తీసుకెళ్లడానికి కారడిగారు. కాదనడం ఎలా, ఇచ్చారు. ఆ తర్వాత బియ్యం మిల్లు వాళ్లు, ఆ తర్వాత నాగరత్నం మేనమామ తాలూకు వాళ్లు. చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో ఏ ఇంట పసుపు కుంకుమలు పోయినా తెల్ల మారుతీ కారు, నల్ల అద్దాలు, సత్తియ్య. డీజిలు పోయిస్తాం అనేవారు, పెట్రోలు బండని కూడా తెలియదు వాళ్లకి. సత్తియ్య తిరిగొచ్చి సీట్లు తుడుస్తూ గొణిగేవాడు. అలా మూడు నాలుగు ప్రయాణాలయ్యాక జనానికి గుర్తు పట్టేసింది. లోపల ఎవరున్నారో కనపడకుండా వేయించిన ఫిలిమే, లోపల ఎవరుంటారో దండోరా వేసి చెప్పడం మొదలెట్టింది. కారు సందు మొగలో కనపడితే చాలు, అట్టా పెన్నూ పట్టుకుని పరీక్షకి బయల్దేరిన పిల్ల వెనక్కి వెళ్లి మంచినీళ్లు తాగి కూర్చునేది. పెళ్లిచూపులకి వెళ్లేవాళ్లు రిక్షా ఆపి గోడవైపు తిరిగి నిలబడేవారు. ఆమె ఒక్కత్తీ నడిచి వెళ్తే ఎదురొచ్చేది ఒక్క మనిషికో ఇద్దరికో. కారులో వెళ్తే ఊరంతటికీ ఎదురొచ్చింది. మరిదికి ఇది తెలుసో లేదో ఆమెకిప్పటికీ అర్థం కాదు, అతనెప్పుడూ ముందు సీట్లో కూర్చుని రోడ్డు చూస్తాడు, గోడవైపు తిరిగేవాళ్లని చూసేది వెనక సీటు.

“ముందువి రెండూ అయిపోయాయండి. జిగురు గీకేస్తే సరి,” అన్నాడు లాజరు. “నన్నడిగితే వెయ్యొద్దండీ. ట్రాఫిక్ వాళ్లు కూడా ఊరుకోట్లేదు. పెద్దపెద్దోళ్లు, ఎవరికీ కనపడకూడదనుకునేవాళ్లు వేయించుకుంటారు గానీ, ఫ్యామిలీ బండికి ఎందుకండీ? ఇంతకీ లోపల ఎవరు కూర్చుంటారండి?”

“నేనే,” అంది సూర్యకళ. లాజరు ఆమెని ఎగాదిగా చూసి, ఎమ్మెల్యే గారి తాలూకా ఏమో అన్నట్టు కాస్త వినయంగా తల దించుకుని జిగురు గీక్కోవడంలో పడ్డాడు. ఆమెకి నవ్వొచ్చింది.

అబద్ధమెందుకు, ఈ నలుపు వెనక హాయి కూడా ఉంది. అది ఎవరితోనూ అనలేదు, అంటే ఏమనుకుంటారో. పెళ్లైన ఇరవై ఏళ్లూ తలెత్తి రోడ్డు వంక చూసింది లేదు, పెద్దింటి కోడలు, ఎవరో ఒకరు చూస్తుంటారన్న భయం. ఇందులో కూర్చున్నాకే ప్రపంచం ఎంత నిర్లజ్జగా ఉంటుందో తెలిసింది. బంగారం కొట్టు ఓనరు గుమ్మంలో నిలబడి పంచె ఎగ్గట్టి గోక్కుంటాడు, వచ్చిపోయేవాళ్లకి నీతులు చెప్పే మాస్టారు ఇసుక లారీ చాటున బీడీ కాలుస్తాడు, యానాం నుంచి చవక సీసాలు బొడ్లో దోపుకుని వచ్చే పెద్దమనుషులు పోలీసుని చూసి పొట్ట సర్దుకుంటారు. కడుపుబ్బ నవ్వుకుంది ఎన్నిసార్లో. అన్నిటికంటే చిత్రం, కారు ఆగిందంటే చాలు, పొరుగూరు వాళ్లెవరో వచ్చి అద్దంలో చూసుకుని తల దువ్వుకోవడం. వాళ్లకి ఈ కారు చరిత్ర తెలియదు. కుర్రాళ్లు మీసం దువ్వుకునేవారు, ఆడవాళ్లు పైట సర్దుకునేవారు. ఒకరోజు పాలకొల్లు పెద్ద గోపురం పక్కన కారు ఆపి సత్తియ్య మందులకి వెళ్లాడు. గుళ్లోంచి ఒక పెళ్లికూతురు వచ్చింది. పెళ్లై గంట కూడా అయ్యుండదు, ముఖాన పసుపు ఇంకా ఆరలేదు. చెమటకి కుంకుమ ముక్కు మీదికి కారింది. గబగబా కారు దగ్గరికి వచ్చి, అద్దం మీదికి వంగి, చిటికెన వేలితో కుంకుమ సరిచేసుకుంది. రెండు ముఖాల మధ్యా జానెడు దూరం లేదు. ఆ పిల్ల కళ్లు తిన్నగా ఆమె కళ్లలోకే చూస్తున్నాయి, ఆ కళ్లకి తన ముఖమే కనపడుతోంది. సూర్యకళ ఊపిరి బిగబట్టింది. అయ్యో తల్లీ జరుగు, ఎవరి ఎదురుగా నిలబడ్డావో తెలుసా, జరుగు అని లోపల్లోపల మొత్తుకుంది. పిల్ల తీరిగ్గా బొట్టు దిద్దుకుని, పెదాలు తడుపుకుని, నవ్వు ఎలా ఉంటుందో ఒకసారి నవ్వి చూసుకుని వెళ్లిపోయింది. ఆ రాత్రి సూర్యకళ అన్నం తినలేదు. ఆ పిల్లకేమైనా అయితే ఆ పాపం తనదేనని వణికింది. ఏం కాలేదు. ఏడాది తిరక్కుండా చంకన బిడ్డతో అదే గుడి మెట్ల మీద కనపడింది, అప్పుడు కూడా సూర్యకళ అద్దం వెనకే ఉంది. మరి తన ఎదురు ఏమైనట్టు? ఆ ప్రశ్న అప్పుడు రాలేదు. ఇప్పుడు, ఈ రేకుల షెడ్డు కింద, జిగురు కంపు మధ్య వచ్చింది.

వచ్చినా ఏం లాభం, తనేం తక్కువ తిందా? ప్రసన్నకి అయిదో ఏడు, మొదటి రోజు బడికి తీసుకెళ్తోంది. పట్టుపరికిణీ, కొత్త పలక. ఉదయభాస్కర్ మేనత్త పాపాయి ఆ ఇంట్లోనే ఉండేది, పదహారో ఏట తాడు తెగి, అన్నయ్య పంచనే అరవయ్యో పడిలో పడిన మనిషి. సరిగ్గా వీళ్లు గుమ్మం దాటే వేళకి ఆవిడ పెరట్లోంచి కరివేపాకు రెబ్బతో ఎదురొచ్చింది. సూర్యకళ ఒక్క మాట అనలేదు. చటుక్కున పిల్ల రెక్క పట్టుకుని లోపలికి లాగి, కుర్చీలో కూర్చోబెట్టి, గ్లాసుతో నీళ్లిచ్చింది, అంతే. పిల్ల గుక్కగుక్కగా తాగుతూ, నాయనమ్మ వస్తే ఎందుకమ్మా కూర్చోవాలి అని అందరికీ వినపడేలా అడిగింది. తాగు, మాట్లాడకు అంది తను. పాపాయి నవ్వి, ఆ రెబ్బ అక్కడే గట్టు మీద పెట్టి గడ్డిమేటు వెనక్కి వెళ్లి, వీళ్లు సందు దాటేదాకా అక్కడే నిలబడింది. ఆ రోజు నుంచి చచ్చిపోయేదాకా ఆవిడ వాకిట్లోకి రావాలంటే ముందు లోపల్నుంచి గట్టిగా దగ్గేది. ఎవరైనా బయల్దేరుతుంటే చెప్పడానికి వీలుగా. ఇంట్లో అందరూ ఆవిడకి దగ్గు జబ్బనుకునేవారు. సూర్యకళ కూడా అలాగే అనుకుంది, మందు కూడా తెప్పించి ఇచ్చింది, ఆవిడ బుద్ధిగా తాగింది! ఆరు నెలల కిందట ఒక పొద్దున్న వాకిట్లోకి వెళ్లబోతూ తన గొంతు తనంతట తానే దగ్గింది. పాలు పోసే లోవమ్మ ఆ దగ్గు విని బిందెతో సహా గోడవైపు తిరిగింది. కాన్పు కష్టమైతే ఆసుపత్రికి ఈ కారులోనే తీసుకెళ్లి ఆ లోవమ్మ ప్రాణం నిలబెట్టింది సూర్యకళే. లోవమ్మకి అది గుర్తు లేక కాదు. పాలు విరిగిపోతాయని.

కుడిపక్కదీ, వెనక పెద్ద అద్దమూ కూడా అయ్యాయి. వీపు మీద వెలుగు పడింది. ఉలిక్కిపడి తిరిగి చూస్తే రోడ్డు, అరటిపళ్ల బండి, ఒక ఆవు, అన్నీ వాటి వాటి రంగుల్లో ఉన్నాయి. అరటిపండు ఇంత పచ్చగా ఉంటుందా? మూడేళ్లు అరటిపండు తినలేదా ఏం, తింది, కానీ రోడ్డు మీద ఎండలో ఉన్న అరటిపండు వేరు. ఒళ్లో చేతులు చూసుకుంది. చేతులు ముసలివైపోయాయి. నలభై రెండేళ్ల చేతులేనా ఇవి? సంబంధం ఖాయం చేసుకోవడానికి వెళ్లొచ్చిన రోజు మరిది ఎంత ఉత్సాహంగా చెప్పాడు! పెళ్లికొడుకు గణేష్‌బాబు బుద్ధిమంతుడు, షుగర్ ఫ్యాక్టరీలో ఉద్యోగం, వాళ్లమ్మగారు కూడా పట్టింపుల మనిషి కాదు వదినా, ఒక్క మాటే అన్నారు, తలంబ్రాలయ్యేదాకా మీ వదినగారు ఎదురుగా లేకుండా చూసుకోండి, ఆ తర్వాత ఆవిడ ఇల్లే అనుకోమనండి అని. నేను ఊరుకుంటానా, వాళ్ల జాగా అంతా చూశాను, పందిరి పక్కనే కారు పెట్టుకోవచ్చు, మీ అద్దం సరిగ్గా పీటల మీదికి వస్తుంది, బాల్కనీ టిక్కెట్టు మీది అన్నాడు. ఆమె నవ్వింది. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొచ్చి ఒళ్లు మండిపోయింది. ఎందుకు నవ్వావే? ఎవడు నవ్వమన్నాడు నిన్ను? అంత మాట పడి నవ్వడానికి నోరెలా వచ్చింది? ఆ నవ్వు చూసి నాగరత్నం ఊపిరి పీల్చుకుంది, మరిది కాఫీ తాగాడు, ప్రసన్న పక్కగదిలోంచి తొంగి చూసి లోపలికి వెళ్లిపోయింది. ఆ రాత్రి పక్కన పడుకుని, అమ్మా నీకు బాగా కనపడుతుందంటావా అంది. నాకు మాత్రం నువ్వు కనపడవు గదా అంది. ఆ మాట! నెల రోజులుగా ఆ ఒక్క మాట మీద బతుకుతోంది సూర్యకళ. పిల్లకి తనని చూడాలనుంది. తాళి కట్టించుకుంటూ తలెత్తి చూస్తే అమ్మ కనపడాలనుంది. అంతకంటే ఏం కావాలి, కాబోయే వియ్యపురాలు ఏమనుకుంటే ఎవరికి?

లాజరు ఆమె వైపు తలుపు తీసి, “ఇదొక్కటేనండి మిగిలింది,” అన్నాడు. నీళ్లు కొట్టాడు. నల్లటి పొర మీద నీళ్లు జారుతుంటే ఆమె చూస్తూ కూర్చుంది. ఇది పోతే ఏమవుతుంది? రేపు సాయంత్రం తరలి వెళ్తారు. ఈ కారే వెళ్తుంది, బోడి అద్దాలతో. పందిరి పక్కన ఆగుతుంది. అందరికీ తను కనపడుతుంది, గాజు డబ్బాలో మిఠాయిలా. అప్పుడు ఇంక లోపల కూర్చోవడంలో అర్థమేముంది, దిగాలి. దిగుతుంది. మీగడ రంగు పట్టుచీర, అది ఆయన కొన్నదే, మడత విప్పలేదు. దిగి, నడిచి, ఎవరు మొహం తిప్పుకున్నా తిప్పుకోనీ, గోడవైపు తిరుగుతారా తిరగనీ, పందిట్లో ఎన్ని గోడలుంటాయి గనక, వెళ్లి పీటల ఎదురుగా నిలబడుతుంది. ఎవరైనా రెక్క పట్టుకుని లాగితే? మరిది లాగడు, ఏడుస్తాడేమో. నాగరత్నం గుండెలు బాదుకుంటుంది. ప్రసన్న మాత్రం చూస్తుంది. చూసి నవ్వుతుంది. పాపాయత్తా, నువ్వూ నా పక్కనే నిలబడు, దగ్గక్కర్లేదు. ఎన్నాళ్లకో ఆమెకి ఆకలిలాంటిది ఏదో వేసింది. చర్రుమంటూ ఫిలిం మొత్తం ఒక్క ముక్కగా ఊడి వచ్చింది. ఎండ సూటిగా ముఖం మీద పడింది. కళ్లు మూసుకుని, తెరిచి, “కొత్తది వద్దు లాజరూ. ఏమీ వెయ్యకు,” అంది. గొంతు కాస్త పెద్దగానే వచ్చింది, బల్ల మీద సత్తియ్య లేచి నిలబడ్డాడు.

అతని జేబులో ఫోను మోగింది. మాట్లాడి, తెచ్చి ఆమెకిచ్చాడు. “పాపగారండి.”

“అమ్మా, ఫిలిం వేయించేశావా?” ప్రసన్న గొంతు ఆదుర్దాగా ఉంది.

“లేదమ్మా. తీయించేశాను. మొత్తం తీయించేశాను.” చెప్పేటప్పుడు ఆమెకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. “ఇంక వెయ్యొద్దన్నాను. నువ్వన్నావు గదా…”

“హమ్మయ్య! అదే చెబుదామని చేశానమ్మా, వెయ్యొద్దు. నాకు మాట్లాడుకున్న కారు రాదంట, దానికేదో యాక్సిడెంటయిందంట. మన కారే పెళ్లికూతురు కారు పెడదామన్నాడు బాబాయి. అత్తయ్యగారు ఫోన్లో నల్లద్దాలు మాత్రం వద్దే వద్దన్నారు. మన కారు సంగతి అక్కడిదాకా తెలుసంటమ్మా.” ఊపిరి తీసుకుంది. అటువైపు ఎవరో ఏదో అందిస్తున్నట్టు గుసగుసలు. “అందుకనీ… నువ్వు ఇంటి దగ్గరే ఉండిపోతే నయమంటున్నారమ్మా అందరూ. ఎండలు కూడా ఎక్కువగా ఉన్నాయి. వీడియో మొత్తం తీస్తారు. మొదటి సీడీ నీకే.”

సూర్యకళ ఫోను రెండో చెవికి మార్చుకుంది.

“నేను కూడా అదే మంచిదనుకున్నానమ్మా,” అంది ప్రసన్న, ఈసారి మెల్లగా. “నాకు భయంగా ఉందమ్మా. నాన్నకైనట్టు ఆయనకేమైనా అయితే… అమ్మా, కోపం వచ్చిందా?”

“లేదు తల్లీ. కోపమెందుకు. కారుకి ఏం పూలు కడతారు?”

“లిల్లీలమ్మా. మధ్యలో గులాబీలు.”

“బావుంటాయి,” అంది. ఫోను సత్తియ్యకి ఇచ్చేసింది. ఆ వెంటనే మళ్లీ మోగింది, ఈసారి చినబాబుగారు, అంటే కుక్కుటేశ్వరరావు. సత్తియ్య దూరంగా వెళ్లి, చిత్తమండి, అలాగేనండి, కానండీ అమ్మగారు, చిత్తమండి అని, వచ్చి తలుపు దగ్గర తల వంచుకుని నిలబడ్డాడు. ఆమే అడిగింది ఏంటి సంగతని. అతను తువ్వాలు నలుపుకుంటూ, “బండిని అట్నుంచటే ఇక్కడి గుడికి తీసుకెళ్లి పూజ చేయించి, పసుపూ కుంకుమా పెట్టించి తెమ్మంటున్నారండి. పూజయ్యాక మరి తమరు…” అని ఆగిపోయాడు. “నేను ముందు తమర్ని ఇంటి దగ్గర దింపేసి, మళ్లీ వస్తానండి. ఆయనకి చెప్పనండి.”

“వద్దు సత్తియ్యా. అంత దూరం రెండుసార్లు ఏం తిరుగుతావు. చెప్పింది చెయ్యి,” అని సూర్యకళ కారు దిగింది.

లాజరు అద్దాలన్నీ పొడిగుడ్డతో తుడిచి, అసలు అద్దముందో లేదో తెలియట్లేదు చూడండమ్మగారూ అన్నాడు, గొప్పగా. చాలా బావుంది బాబూ అంది. పాలకొల్లు బస్సు ఎక్కడాగుతుందో ఆమెకి తెలియదు, అతన్నే అడిగింది. అడిగితే లాజరు తెల్లబోయి, కారు వంకా ఆమె వంకా చూసి, ఆ రోడ్డు దాటితే కాంప్లెక్సేనండి అని చూపించాడు. ఆమె రోడ్డు దాటింది. లారీ హారను కొట్టింది, రిక్షావాడు తప్పుకోమని కేకేశాడు, ఎవరో భుజం రాసుకుంటూ వెళ్లిపోయారు. ఒక్కరు ఆగలేదు, ఒక్కరు గోడవైపు తిరగలేదు. కాంప్లెక్సులో పెళ్లిబట్టల సంచులతో గుంపులు గుంపులుగా జనం. ఎవరికి ఎదురు పడకూడదో తెలియక ఆమె పక్కపక్కగా నడుస్తూ వెళ్లి ఒక బల్ల ముందు నిలబడింది. బల్ల మీద తలనిండా పూలు, రూపాయి కాసంత కుంకుమ బొట్టు పెట్టుకున్న ఒకావిడ కూర్చుని ఉంది. ఆవిడ చూపు సూర్యకళ బోసి నుదుటి మీద ఒక్క క్షణం ఆగి, ఉత్త చేతుల మీదికి దిగి, మళ్లీ ముఖం మీదికి వచ్చింది. లేచి వెళ్లిపోతుందనుకుంది. ఆవిడ సంచీ కాళ్ల దగ్గరికి లాక్కుని, పక్కకి జరిగి, “కూర్చోండి. పాలకొల్లు బస్సుకేనా? ఇంకా అరగంట పడుతుందంట,” అంది.

సూర్యకళ కూర్చుంది. ఆవిడ ఆపకుండా మాట్లాడుతూనే ఉంది, ఎండల గురించి, మేనకోడలి పెళ్లి గురించి, చీరల రేట్ల గురించి. మధ్యలో, “మీకూ పెళ్లిళ్లేనా ఏంటండీ ఈ ముహూర్తాల్లో?” అని అడిగింది.

“మా అమ్మాయి పెళ్లండి. ఎల్లుండి.”

“అయ్యో రామా! ఎల్లుండి కూతురి పెళ్లి పెట్టుకుని ఇక్కడ కూర్చున్నారేంటండీ?” ఆవిడ నిజంగానే కంగారుపడి సూర్యకళ చెయ్యి పట్టుకుంది. “మీరు లేకపోతే అక్కడ ఒక్క పనైనా అవుతుందా?”

మూడేళ్లలో బయటి మనిషి ఆమె చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. సూర్యకళ ఆ చేతిని విడిపించుకోలేదు. బస్సు వచ్చే వైపే చూస్తూ, “అవునండీ, బోల్డు పనుంది,” అంది.